ట్రాక్ మీద పడితే ఎవరు కట్టాలి: కడప నుంచి ట్రాక్ డేకి పోయొచ్చిన నా అనుభవం

కడప నుంచి రేస్ ట్రాక్‌కు బండి తీసుకుపోవాలంటే మనకు దగ్గర శ్రీపెరుంబుదూరు పక్కనున్న ఇరుంగాట్టుకోట్టై. అక్కడి మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు, 1990 నుంచి నడుస్తోంది. రాజంపేట, కోడూరు, రేణిగుంట, పుత్తూరు, తిరుత్తణి దారి. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. ట్రాక్ దీనికంటే చిన్నది, దూరం మాత్రం రెట్టింపు పైనే. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ మన లెక్కలోకి రాదు. మేం ఆరు బైకులు తీసుకుపోయాం. ఏ ట్రాక్, ఎవరు నడిపించారు అన్నది ఇక్కడ అనవసరం. సంతకాలు తీసుకునే కాగితాలు అన్నిచోట్లా దాదాపు ఒకే అచ్చు.

ట్రాక్ డే రేసు కాదు. బహుమతి ఉండదు, స్థానాలు ఉండవు. డబ్బు కట్టి, గ్రూపుల వారీగా పదిహేను, ఇరవై నిమిషాలు తిప్పుకుని బయటికి రావడమే. కానీ ఇన్సూరెన్సు వాళ్లకు ఈ తేడా పట్టదు. అందుకే మేం బండికి స్పానర్ పెట్టకముందే పాలసీలు తీసి ముందరేసుకున్నాం.

బండి పాలసీలో ‘వాడకంపై పరిమితులు’ అని ఒక చిన్న పేరా ఉంటుంది. అద్దెకు తిప్పకూడదు, సరుకు మోయకూడదు అన్నాక వరసగా వస్తాయి: వ్యవస్థీకృత రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్. రేసు కాదని వాదించి మొదటిదాన్ని తప్పించుకున్నా స్పీడ్ టెస్టింగ్ దగ్గర దొరికిపోతాం. ఈ పరిమితి దాటి బండి వాడితే సొంత డ్యామేజీ ఒక్కటే కాదు, అదే పాలసీలో ఉండే 15 లక్షల ఓనర్ డ్రైవర్ ప్రమాద బీమా కూడా పోతుంది, ఎందుకంటే ఆ మినహాయింపు పాలసీ మొత్తానికీ వర్తిస్తుంది. ఎదుటివాడికి తగిలితే థర్డ్ పార్టీ ఉంది కదా అనుకోవడానికీ లేదు. మోటారు వాహనాల చట్టం 150వ సెక్షనే రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ మినహాయింపును బీమా కంపెనీ కోర్టులో వాదించుకోవచ్చని చెబుతోంది. పైగా ఆ చట్టంలో తప్పనిసరి బీమా అన్నది ‘పబ్లిక్ ప్లేస్’లో వాడకానికి. గేటు, టికెట్ ఉన్న ట్రాక్ పబ్లిక్ ప్లేస్ అవుతుందా కాదా అన్నది కోర్టులో వాదించుకోవాల్సిన సంగతి, మన జేబులో ఉన్న భరోసా కాదు.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ఒక కంపెనీ అమ్మాయి "కవర్ అవుతుంది సార్" అంది. అదే ప్రశ్న మెయిల్‌లో పెడితే నాలుగు రోజులకు వచ్చిన జవాబు "కవర్ కాదు." ఫోన్‌లో విన్నదాన్ని నమ్మి పోకండి. మెయిల్‌లో ప్రశ్న కూడా సూటిగా ఉండాలి: తేదీ, ట్రాక్ పేరు, టైమింగ్ లేదు, బహుమతి లేదు, డబ్బు కట్టి పాల్గొంటున్నాను, ప్రమాదం జరిగితే ఏయే సెక్షన్ల కింద చెల్లిస్తారు?

ఆరోగ్య బీమాలో కథ వేరే. పాలసీలో మినహాయింపుల పట్టికలో ‘ఎక్స్‌క్లూజన్ 09’ వెతకండి. ప్రమాదకర క్రీడల జాబితాలో పర్వతారోహణ, స్కూబా డైవింగ్‌తో పాటు మోటార్ రేసింగ్ కూడా ఉంటుంది. కానీ ఆ వాక్యంలో ఒక మాట ఉంది, ‘ప్రొఫెషనల్‌గా పాల్గొన్నప్పుడు’ అని. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ ఇచ్చిన ప్రామాణిక వాక్యం అది. జీతమో, ప్రైజ్ మనీయో తీసుకోని మనలాంటి వాళ్లకు ఆ ఒక్క మాటే ఆధారం. విడిగా కొన్న ప్రమాద బీమాల్లో, టర్మ్ పాలసీకి జతచేసే యాక్సిడెంట్ రైడర్లలో ఈ మాట ఉంటుందన్న నమ్మకం లేదు. మా ఆరుగురిలో ఇద్దరి పాలసీల్లో లేదు.

ఇక మిగిలింది నిర్వాహకులు తీసుకునే ఈవెంట్ ఇన్సూరెన్స్. "ఇన్సూరెన్స్ ఉందన్నా" అంటే సరిపోదు. పాలసీ కాపీ అడగాలి. చూడాల్సింది మూడు: ప్రేక్షకులకా, పాల్గొనేవాళ్లకా; చావు, శాశ్వత వైకల్యానికేనా, ఆసుపత్రి ఖర్చు కూడానా; మనం తిరిగే తేదీ అందులో ఉందా. కొందరు "పబ్లిక్ లయబిలిటీ చట్టం కింద చేయించాం" అంటారు. 1991 నాటి ఆ చట్టం ప్రమాదకర రసాయనాలు వాడేచోట జరిగే ప్రమాదాలకు చేసింది, బండ్లకు దానితో పని లేదు. పేరు ఒకటే అయినా వీళ్లు కొనేది మామూలు వ్యాపార పాలసీ. మాకు చూపించిన పాలసీలో పాల్గొనేవాళ్లకు చావు, శాశ్వత వైకల్యం మాత్రమే ఉన్నాయి. ఎముక విరిగితే పైసా రాదు. ఇది ముందే తెలియడం వేరు, స్ట్రెచర్ మీద తెలియడం వేరు.

తర్వాత సంతకాల కాగితం. గేటు దగ్గర పొద్దున ఆరున్నరకు చేతికిస్తే ఎవరూ చదవరు, హెల్మెట్ చంకన పెట్టుకుని బానెట్ మీద సంతకం గీకేస్తారు. వారం ముందు మెయిల్‌లో పంపమంటే పంపారు. నాలుగు పేజీలు. 100 రూపాయల స్టాంపు పేపర్ మీద నోటరీ చేయించి తెమ్మన్నారు. నోటరీ చేసేది సంతకం మనదేనని చెప్పడం వరకే. లోపల రాసిన షరతు చట్టానికి నిలబడకపోతే నోటరీ ముద్ర దాన్ని నిలబెట్టదు. కడప కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక లాయరన్నతో కూర్చుని లైను లైను చదివించాం.

"అన్నా, దీనిమీద సంతకం పెడితే ఇంగ మనం ఏం అడిగేదానికి లేదంట గదా?"

"అడగను అని రాయించుకోవడం వాళ్ల ఇష్టం నాయనా. అడిగితే వినొద్దని జడ్జికి చెప్పే బలం కాగితానికి యాడుంది?"

మొదటి షరతు: ఇది ప్రమాదకరమని తెలిసే, నా ఇష్టంతోనే వస్తున్నాను. ఇది నిలబడుతుంది. మలుపులో మనమే ఎక్కువ వంచి పడితే, బ్రేక్ ఆలస్యంగా కొట్టి గడ్డిలోకి పోతే ఎవర్నీ అడగలేం. తెలిసి ఒప్పుకున్న ప్రమాదానికి నష్టపరిహారం లేదన్నది పాత సూత్రం. ఇంగ్లండులో బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద రెండు కార్లు తగులుకుని, ఒకటి ఎగిరి ప్రేక్షకుల మీద పడి ఇద్దరు చనిపోయిన కేసులో కూడా (1933 లా రిపోర్టుల్లో ఉంది) ట్రాక్ యజమాని తగినంత జాగ్రత్త తీసుకోవాలి తప్ప ఏ ప్రమాదమూ జరగదని హామీ ఇవ్వనక్కరలేదని తేల్చారు. ‘తగినంత జాగ్రత్త’ అన్న ఆ మాట దగ్గరే అసలు గొడవంతా.

మూడో షరతు: నిర్వాహకుల నిర్లక్ష్యం వల్ల జరిగినా సరే ఏమీ అడగను. ఇక్కడ లాయరన్న పెన్ను కింద పెట్టేశాడు. డబ్బు తీసుకుని సేవ ఇస్తున్నారు కాబట్టి మనం వినియోగదారులం. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ‘సేవా లోపం’ నిర్వచనంలోనే నిర్లక్ష్యం ఉంది. అదే చట్టం 2(46)లో ‘అన్యాయమైన ఒప్పందం’ అంటే ఏమిటో చెప్పింది, వినియోగదారుణ్ణి నష్టపరిచే అసమంజసమైన షరతు అందులో ఒకటి. ఒక మెలిక గుర్తుపెట్టుకోండి: సేవా లోపం ఫిర్యాదు జిల్లా కమిషన్‌లో వేయొచ్చు, మనం ఉండే జిల్లాలోనే. అంటే ట్రాక్ తమిళనాడులో ఉన్నా కేసు కడపలో వేసుకోవచ్చు. ఒప్పందమే అన్యాయమైనదని కొట్టేయించాలంటే మాత్రం జిల్లా కమిషన్ వినదు, రాష్ట్ర కమిషన్‌కు పోవాలి. గడువు రెండేళ్లు.

ఐదో షరతు కోర్టుకే పోనని. కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ ముందు అలాంటివి చెల్లవు. పోలీసు కేసు పెట్టనన్న వాక్యం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. నిర్లక్ష్యంతో చావుకు కారణమైతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్, గాయమైతే 125. అవి రాజ్యం పెట్టే కేసులు, మన సంతకంతో ఆగవు.

మాకు నిజంగా భయం వేసింది ఎనిమిదో షరతుకు. ట్రాక్ ఆస్తికి నష్టం జరిగితే ‘నిర్వాహకులు నిర్ణయించిన మొత్తం’ కట్టాలట. పడిన బండి టైర్ల గోడకు గుద్దుకుంటే, గార్డ్‌రైల్ వంగితే, ఆయిల్ కారి ట్రాక్ కడగాల్సి వస్తే బిల్లు మనకే. అది న్యాయమే, కానీ మొత్తం వాళ్లు నిర్ణయించడమేంది? ‘బిల్లులు చూపించి, వాస్తవంగా అయిన ఖర్చు మేరకు’ అని పెన్నుతో రాసి పక్కన ఇద్దరం సంతకాలు పెట్టుకున్నాం. ఒప్పుకోరేమోననుకున్నాం గానీ రెండు నిమిషాల్లో ఒప్పుకున్నారు. ఈ ఒక్క మార్పు కోసమైనా కాగితం వారం ముందు తెప్పించుకోవాలి.

మా గుంపులో పదిహేడేళ్ల కుర్రాడొకడు వాళ్ల నాయన సంతకం తెస్తానన్నాడు. మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లోనే, బ్రిటిష్ కాలపు పై కోర్టు ప్రీవీ కౌన్సిల్ మోహరీ బీబీ కేసులో తేల్చేసింది. ఇంటికాడే ఉండమన్నాం. వాడు అలిగి బైపాస్ మీద ప్రాక్టీసు చేస్తానన్నాడు. ఆ మాటకు జవాబు మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్: రోడ్డు మీద రేసు పెడితే మొదటిసారి మూడు నెలల దాకా జైలో, 5,000 రూపాయల దాకా జరిమానానో, మళ్లీ దొరికితే ఏడాది, 10,000.

ఇక బండి. రోడ్డు మీద తోలుకుంటూ పోయి, ట్రాక్ మీద తిప్పి, మళ్లీ తోలుకుంటూ వద్దామనుకోవద్దు. పడితే తిరుగు ప్రయాణం ఉండదు. టాటా ఏస్‌లో రెండేసి బండ్లు ఎక్కించాం. నాలుగు రాచెట్ బెల్టులు, ముందువి ఫోర్కులను పట్టి ఉంచే కింది ట్రిపుల్ క్లాంపుకు, హ్యాండిల్ గ్రిప్పులకు కాదు. ఫోర్కు సగం దిగేదాకా లాగి కడితే గుంతల్లో బెల్టు వదులుకాదు.

ట్రాక్‌కు బండి సిద్ధం చేయడంలో అందరూ టైర్ల గురించే మాట్లాడతారు. ప్రాణం తీసేవి ద్రవాలు. కూలెంట్ మొదటిది. ఇథిలీన్ గ్లైకాల్ తారు మీద పడితే సబ్బు పూసినట్టే, నీళ్లలా ఆరిపోదు. అందుకే రేడియేటర్ ఖాళీ చేసి, రెండుసార్లు కడిగి, డిస్టిల్డ్ వాటర్ పోయమంటారు. పాతది రిజర్వాయర్‌లో మిగిలిపోతుంది, అదీ విప్పి వంచాలి. రెండోది బ్రేక్ ఆయిల్. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, నీరు పీల్చుకున్నాక ఆ హద్దు 155కి దిగిపోతుంది. రెండేళ్లు మార్చని బండి నాలుగో ల్యాప్‌లో లివర్ స్పాంజిలా మెత్తబడి హ్యాండిల్‌కు ఆనుతుంది. మూడోది ఇంజిన్ ఆయిల్: డ్రెయిన్ బోల్టు, ఫిల్టర్, ఫిల్లర్ క్యాప్ మూడింటికీ సేఫ్టీ వైరు. వైరు బోల్టును బిగించే వైపుకు లాగాలి, విప్పే వైపుకు కట్టి మురిసిపోయేవాళ్లు బోలెడుమంది.

బ్రేక్ ప్యాడ్ మందం సగం కంటే తగ్గితే కొత్తవి. అద్దాలు విప్పేయాలి, హెడ్‌లైట్, ఇండికేటర్లకు టేపు వేయాలి, పగిలినా గాజు ముక్కలు ట్రాక్ మీద రాలకుండా. సైడ్ స్టాండుకు తీగ కట్టాలి. టైరు గాలి రోడ్డు లెక్కకు మూడు నాలుగు పీఎస్‌ఐ తగ్గించి మొదలుపెట్టి, సెషన్ అయిన వెంటనే వేడిమీదే కొలవాలి. పది నిమిషాలు టీ తాగొచ్చి కొలిస్తే ఆ అంకెతో ప్రయోజనం లేదు.

ఒంటికి: తోలు సూటు, రెండు ముక్కలదైతే నడుము చుట్టూ పూర్తి జిప్పు. చీలమండ దాటే బూట్లు, మణికట్టు కప్పే గ్లవుజులు. వెన్ను రక్షణ కొనేటప్పుడు దానిమీద యూరప్ ప్రమాణం ఈఎన్ 1621-2 అని, పక్కన లెవెల్ 1 లేదా 2 అని చూడండి. పరీక్షలో లెవెల్ 1 సగటున 18 కిలోన్యూటన్ల దాకా దెబ్బ బలాన్ని లోపలికి పోనిస్తుంది, లెవెల్ 2 తొమ్మిదే. ధరలో తేడా అంత ఉండదు. హెల్మెట్‌కు ఐఎస్‌ఐ ముద్ర రోడ్డుకు సరిపోతుంది, ట్రాక్ వాళ్లు విదేశీ భద్రతా ముద్రలైన ఈసీఈ లేదా స్నెల్ అడుగుతారు. గడ్డం కింద పట్టీని రెండు రింగుల్లోంచి దూర్చి బిగించే డబుల్ డి రింగ్ కట్టు లేకపోతే కొన్నిచోట్ల వెనక్కి పంపేస్తారు.

స్క్రూటినీ, అంటే ట్రాక్‌లోకి వదిలేముందు చేసే బండి తనిఖీ, తొందరగా అయిపోయింది, మరీ తొందరగా. బండికి నిమిషం. చైను లాగి చూశారు, లివర్ నొక్కారు, స్టిక్కర్ వేశారు. రేడియేటర్ మూత ఎవరూ విప్పలేదు. ఈ సంగతి తర్వాత అక్కరకొచ్చింది.

బ్రీఫింగ్‌లో జెండాలు చెప్పారు. పసుపు అంటే ముందు ప్రమాదం, ఓవర్‌టేక్ చేయకూడదు. ఎరుపు అంటే సెషన్ ఆగింది, చెయ్యెత్తి నెమ్మదిగా పిట్‌లోకి రావాలి. పసుపు మీద ఎర్రచారలుంటే ట్రాక్ జారుతోందని. నల్లజెండాలో నారింజ చుక్క ఉంటే మన బండిలోనే ఏదో కారుతోందని, వెంటనే ట్రాక్ వదలాలి. బ్రీఫింగ్ హాజరు పట్టికలో సంతకం తీసుకుంటారు. అది వాళ్లకు రక్షణ: "చెప్పాం, విన్నాడు" అని. జెండా చూసి కూడా లెక్కచేయకుండా పడితే మన పరిహారంలో కోత పడేది ఆ సంతకంతోనే. మేం అక్కడ మూడు ప్రశ్నలు అడిగాం. అంబులెన్సులు ఎన్ని? ఒకటి ఆసుపత్రికి పోతే సెషన్ ఆపుతారా? డాక్టర్ ఉన్నాడా, అటెండర్ మాత్రమేనా? ఒకే అంబులెన్స్, అది బయటికి పోతే తిరిగొచ్చేదాకా ట్రాక్ మూసేస్తామన్నారు. అది సరైన జవాబు.

మధ్యాహ్నం రెండో సెషన్‌లో మా ముందు గ్రూపు బండి ఒకటి కూలెంట్ కార్చుకుంటూ ఒక మలుపు మొత్తం తడిపింది. ఆకుపచ్చ గీత స్పష్టంగా ఉంది. మలుపు దగ్గర జెండాలు చూపించే మార్షల్ దగ్గర చారల జెండా ఉంది, ఎత్తలేదు. మా గ్రూపును వదిలారు. రెండో ల్యాప్‌లో మావాడు ముందు చక్రం జారి పడ్డాడు, కాలర్‌బోన్ విరిగింది.

ఇప్పుడు లెక్క వేయండి. రూల్ ఉన్నా కూలెంట్ తీయనివాడు ఒకడు. మూత విప్పకుండా స్టిక్కర్ వేసినవాళ్లు రెండు. జెండా ఎత్తకుండా తర్వాతి గ్రూపును వదిలినవాళ్లు మూడు. తెలిసి ఒప్పుకున్న ప్రమాదంలోకి ఇందులో ఏదీ రాదు. కానీ ఇదంతా రుజువు చేయాల్సింది మనం, ట్రాక్‌ను గంటలోపే కడిగేస్తారు. అందుకని ఒకడు అంబులెన్స్ వెంట పోతే ఇంకొకడు ఆగాడు. మలుపు నంబరు, మార్షల్ పోస్టు నంబరు, టైము రాసుకున్నాడు. తడి గీతను దూరం నుంచి, దగ్గర్నుంచి ఫొటో తీశాడు. పడిన బండి రేడియేటర్ మూత నిర్వాహకుల ఎదుటే విప్పి, మనది నీళ్లేనని చూపించి వీడియో తీశాడు. లేకపోతే ఆ కూలెంట్ మన బండిదే అనేవాళ్లు. ఇన్సిడెంట్ రిపోర్టు కాపీ అడిగాడు. సాయంత్రానికల్లా, సీసీటీవీ చెరపవద్దని మెయిల్ పెట్టాడు. చాలాచోట్ల పాత రికార్డు మీదే కొత్తది ఎక్కుతూ పోతుంది, నెల తర్వాత లాయరు నోటీసు పంపితే దొరికేది ఖాళీ డిస్కు.

ఆసుపత్రిలో పక్కన నిలబడినవాళ్లు ఇచ్చే సలహా ఒకటుంది: "హైవే మీద పడ్డానని చెప్పు, బండి క్లెయిమ్ కూడా వస్తుంది." చెప్పొద్దు. ఆసుపత్రి ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రిజిస్టరులో రాసింది, అంబులెన్స్ లాగ్‌బుక్కులో రాసింది తేడా వస్తే నిజమైన ఆరోగ్య క్లెయిమ్ కూడా పోతుంది, పైగా అది మోసం, భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కిందికి వస్తుంది. మావాడు ట్రాక్ మీద పడ్డానని ఉన్నదున్నట్టు చెప్పాడు. క్యాష్‌లెస్ ఆపి ‘రేసింగా?’ అని కంపెనీ రాతపూర్వకంగా అడిగింది. ఫీజు కట్టిన రసీదు, టైమింగ్, బహుమతి లేవని నిర్వాహకులిచ్చిన లెటర్, మావాడి జీతం స్లిప్పు జతచేసి ‘ప్రొఫెషనల్‌గా’ అన్న మాట కింద గీత గీసి పంపాం. డిశ్చార్జికి ముందు రోజు ఒప్పుకున్నారు. బండి ఖర్చు మాత్రం జేబులోదే. నిర్వాహకులకు ఫొటోలతో సహా నోటీసు పోయింది, టైర్ల గోడ బిల్లు ఇంతవరకు మాకు రాలేదు.

మిగతా ఐదు బండ్లు కడపకు దిగాక మొదటి పని రేడియేటర్‌లో నీళ్లు తీసి కూలెంట్ పోయడం. డిస్టిల్డ్ వాటర్‌లో తుప్పు ఆపే మందు ఉండదు, కూలెంట్ కంటే తొందరగా మరుగుతుంది కూడా. అద్దాలు బిగించి, టేపు పీకి, గాలి రోడ్డు లెక్కకు పెంచి, సైడ్ స్టాండు తీగ కోసేశాక బండి ఆఫీసుకు పోవచ్చు. తీగ సంగతి మర్చిపోయి ఏడురోడ్ల కూడలిలో స్టాండు కోసం కాలితో తన్నుతూ నిలబడ్డవాడు మాలో ఒకడున్నాడు.